చంటిబిడ్డ ఆకలికి కొలత

పురిటింట్లో మొదటి వారం గడిచేసరికి దాదాపు ప్రతి కుటుంబంలోనూ ఒక ప్రశ్న తలెత్తుతుంది: బిడ్డకు పాలు చాలుతున్నాయా? స్వదేశంలో అయితే దీనికి సమాధానం చెప్పడానికి ఇరుగూ పొరుగూ కలిపి పదిమంది పెద్దవాళ్ళుంటారు. పరాయి దేశంలో కాపురముంటున్న బాలింతకు దిక్కు ముగ్గురే: పురుడు పోయడానికి వీసా మీద వచ్చిన తల్లో అత్తగారో, వారాల ఎడంతో కనిపించే పిల్లల డాక్టరు, పోతపాల డబ్బా మీద అచ్చువేసిన పట్టిక. బిడ్డ ఏడిస్తే అమ్మమ్మ "పాలు చాలడం లేదమ్మా" అంటుంది. డబ్బా మీది పట్టిక "ఇన్ని ఔన్సులు" అంటుంది. సీసాకు ఉన్నట్టు రొమ్ముకు గీతలు లేవు గనుక తాను ఎంత ఇచ్చిందో తల్లికి తెలియదు. అనుమానం వెంట సీసా వస్తుంది. సీసా అలవాటైన కొద్దీ బిడ్డ రొమ్ము తాగడం తగ్గుతుంది. తాగడం తగ్గిన కొద్దీ పాలు నిజంగానే తగ్గుతాయి. అనుమానమే చివరికి నిజమై కూర్చుంటుంది.

ఈ అనుమానాన్ని పెంచడంలో శాస్త్రజ్ఞుల పాత్ర కూడా కొంత ఉన్నది. పసిపిల్లలకు రోజుకు ఎంత ఆహారశక్తి కావాలి అన్నదానికి ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం చలామణీ అయిన అధికారిక అంకెలు అసలు అవసరాన్ని మించి ఉండేవి. కారణం తేలికైనదే. బిడ్డ ఎంత ఖర్చు చేస్తున్నాడో కొలవడం కష్టం. ఎంత తాగుతున్నాడో కొలవడం సులభం. అందుచేత తాగినదానినే అవసరంగా లెక్కగట్టారు. ఖర్చును సరిగా కొలిచే ఉపాయం 1980ల నాటికి చేతికి వచ్చాక ఆ అంకెలు దిగిరాక తప్పలేదు.

ఇంత చిన్న ఒంటికి అంత ఖర్చు దేనికి?

ఆహారశక్తిని కొలిచే ప్రమాణం కేలరీ. శాస్త్రరీత్యా దానిని కిలోకేలరీ అనాలిగాని, వాడుకలో కేలరీ అనే అంటున్నారు. ఇక్కడా అలాగే అందాం. ఒక కిలోగ్రాము నీటిని ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కించడానికి పట్టే వేడి ఒక కేలరీ. వంద మిల్లీలీటర్ల తల్లిపాలలో సుమారు 65 కేలరీలుంటాయి.

నెలలోపు బిడ్డకు కిలో బరువుకు రోజుకు సుమారు 110 కేలరీలు కావాలని నేటి లెక్క. అరవై కిలోల తల్లి అదే నిష్పత్తిలో తినవలసి వస్తే ఆమెకు రోజుకు 6,600 కేలరీలు కావాలి. అంటే మామూలుగా తినే భోజనానికి మూడు రెట్లు. బిడ్డ చూడబోతే రోజులో ఎక్కువ భాగం నిద్రలోనే గడుపుతాడు. అంత శక్తి ఎక్కడికి పోతున్నది?

మొదటి ఖర్చు ఒంటివేడి. మూడు కిలోల శిశువు చర్మవైశాల్యం చదరపు మీటరులో ఐదోవంతు. కిలో బరువుకు లెక్కవేస్తే పెద్దవారికంటే ఇది రెండింతలకు పైగా ఎక్కువ. పెద్దపాత్రలో అన్నం చాలాసేపు వేడిగా ఉండి, చిన్నగిన్నెలోది త్వరగా చల్లారిపోతుంది గదా, ఇదీ అంతే. చలివేసినప్పుడు పెద్దవాళ్ళు వణుకుతారు; ఆ వణుకులోనే వేడి పుడుతుంది. నవజాత శిశువులు దాదాపుగా వణకరు. వారికి భుజాల నడుమ, మెడ చుట్టూ, మూత్రపిండాల చుట్టూ గోధుమరంగు కొవ్వు ఒక ప్రత్యేకమైన ఇంధనంగా అమరి ఉంటుంది. అది కండరాలతో పనిలేకుండా తానే కరిగి వేడినిస్తుంది. నెలలు నిండి పుట్టిన బిడ్డ బట్టల్లేకుండా ఉన్నప్పుడు ఈ అదనపు ఖర్చు లేకుండా ఉండాలంటే గదిలో సుమారు 32 నుంచి 34 డిగ్రీల సెల్సియస్ వేడి ఉండాలి. అంటే కోస్తా జిల్లాల్లో ఎండలు ముదిరేముందు ఉండే పగటివేడి. అమెరికాలోని ఇళ్ళలో ఉండే 20, 22 డిగ్రీల గదిలో పొత్తిగుడ్డ ఎందుకు కావాలో దీనివల్ల తెలుస్తుంది.

రెండో ఖర్చు మెదడు. పెద్దవారి బరువులో మెదడు రెండు శాతం మాత్రమే. పుట్టిన బిడ్డలో పది శాతానికి మించే ఉంటుంది. కదలకుండా పడుకున్న శిశువు ఖర్చుచేసే శక్తిలో సగానికి పైగా ఈ ఒక్క అవయవమే తీసుకుంటుంది. ఏమీ తోచనట్టు పడుకుని కప్పుకేసి చూస్తున్న బిడ్డ నిజానికి ఆ ఇంట్లో కెల్లా ఎక్కువ కష్టపడుతున్నవాడు.

మూడో ఖర్చు ఎదుగుదల. మొదటి నెలలో మగబిడ్డ రోజుకు సగటున 35 గ్రాములు పెరుగుతాడు, ఒక నిమ్మకాయంత బరువు. కొత్తగా చేరే ఒక్కొక్క గ్రాములో సుమారు ఆరు కేలరీలు నిలవ ఉంటాయి. అంటే రోజుకు రెండు వందల పైచిలుకు కేలరీలు ఖర్చు కాకుండా ఒంట్లోనే చేరిపోతున్నాయన్నమాట. మొదటి నెలలో మొత్తం అవసరంలో ఇది నూటికి నలభై పాళ్ళు. ఏడాది నిండేసరికి మూడు పాళ్ళకు పడిపోతుంది. మనిషి జీవితంలో ఇంకెన్నడూ ఆహారంలో ఇంత భాగం ఒంటిని కట్టడానికి పోదు.

కనుక లెక్క రెండు భాగాలు: బిడ్డ ఖర్చు చేసినది, ఒంట్లో కూడబెట్టినది. ఈ రెండిటి మొత్తమే అవసరం. కూడబెట్టినదానిని బరువు తూచి, ఒంట్లోని కొవ్వును అంచనాకట్టి రాబట్టవచ్చు. చిక్కంతా మొదటిదానితోనే.

ఊపిరిని కొలిచినవారు

ప్రాణులు ఆహారాన్ని నెమ్మదిగా మండించుకుంటూ బతుకుతాయని 1780లలో ఫ్రాన్సులో లవోజియే, లాప్లాస్ నిరూపించారు. ఒక గినీపందిని మంచు నడుమ గూటిలో ఉంచి కరిగిన మంచును తూచి, అది వదిలిన బొగ్గుపులుసు వాయువుతో పోల్చి చూశారు. పొయ్యిలో బొగ్గు మండినా, ఒంట్లో తిండి అరిగినా ఆమ్లజని ఖర్చవుతుంది, వేడి పుడుతుంది. కనుక వేడిని నేరుగా కొలవలేకపోయినా ఊపిరిని కొలిస్తే చాలు. ఒంట్లో ఖర్చైన ప్రతి లీటరు ఆమ్లజనికీ సుమారు ఐదు కేలరీల వేడి పుడుతుంది.

చంటిపిల్లల విషయంలో ఈ సూత్రాన్ని మొదట పట్టుదలగా ప్రయోగించినవారు బెర్లిన్‌లోని మాక్స్ రూబ్నర్, ఒట్టో హాయిబ్నర్. తల్లిపాలు తాగే ఒక శిశువు ఎంత తాగాడో, ఎంత విసర్జించాడో, ఎంత బొగ్గుపులుసు వాయువు వదిలాడో అన్నీ తూచి 1898లో ప్రకటించారు. కిలో బరువుకు ఇన్ని కేలరీలు అని చెప్పే పద్ధతిని పిల్లల వైద్యంలో పాతుకునేలా చేసినవాడు హాయిబ్నరే. వంద కేలరీలు అన్న గుండ్రటి అంకె ఆనాటి నుంచి డాక్టర్ల నోట నానుతూ వచ్చింది.

తర్వాత బోస్టన్‌లో కార్నెగీ సంస్థ పోషణ ప్రయోగశాలకు చెందిన ఫ్రాన్సిస్ బెనెడిక్ట్, పిల్లల వైద్యుడు ఫ్రిట్జ్ టాల్‌బట్ కలిసి 1914, 1915 సంవత్సరాలలో రెండు పెద్ద గ్రంథాలు వెలువరించారు. ఒక్క శిశువుతో తృప్తిపడక, సుమారు వందమంది అప్పుడే పుట్టిన పిల్లలను గాలి చొరని పెట్టెలాంటి తొట్లలో పడుకోబెట్టి వారి ఊపిరిని కొలిచారు. కదలికలను నమోదు చేసే ఏర్పాటు కూడా ఆ తొట్టికి ఉండేది. కదిలినా, ఏడ్చినా ఖర్చు ఎగిసిపడుతుందని, కాబట్టి నిద్రలో ఉన్న నిమిషాలే పోలికకు పనికివస్తాయని వారు గ్రహించారు.

ఈ రోజుల్లో పెట్టెకు బదులు తలమీద పారదర్శకమైన ప్లాస్టిక్ గొడుగు బోర్లిస్తారు. దానిలోంచి గాలిని సన్నగా లాగుతూ ఆమ్లజని ఎంత తగ్గిందో, బొగ్గుపులుసు వాయువు ఎంత పెరిగిందో యంత్రాలు చెబుతాయి. నిద్రలో ఉన్న మూడు కిలోల శిశువు నిమిషానికి సుమారు 20 మిల్లీలీటర్ల ఆమ్లజని తీసుకుంటాడు. రోజుకు దాదాపు 29 లీటర్లు, అంటే సుమారు 140 కేలరీలు. విద్యుత్తు లెక్కలో చెప్పాలంటే ఏడు వాట్లు. పిల్లల గదిలో రాత్రంతా వెలిగే చిన్న నైట్ లైటు ఎంతో, తొట్టిలోని బిడ్డా అంతే.

కాని ఇది నిద్రలోని ఖర్చు మాత్రమే. పాలు తాగడం, ఏడవడం, కాళ్ళు చేతులు ఆడించడం, స్నానంలో చలి, పాలు అరిగించుకోవడం, వీటన్నిటితో కూడిన ఇరవైనాలుగు గంటల ఖర్చు గొడుగు కింద దొరకదు. పాలకోసం రెండేసి గంటలకొకసారి లేచే బిడ్డను రోజుల తరబడి గొడుగు కింద ఉంచడానికి ఏ తల్లి ఒప్పుకుంటుంది? ఒప్పుకున్నా, యంత్రం కింద గడిపిన రోజు ఇంట్లో గడిపే రోజులాంటిది కాదు.

తాగినదే అవసరమా?

ఖర్చు దొరకనప్పుడు మిగిలిన మార్గం తాగిన పాలను తూచడం. సీసాపాలు తూచడం చిటికెలో పని. తల్లిపాలయితే బిడ్డను తాగేముందూ తాగినతర్వాతా త్రాసులో వేసి తేడా చూస్తారు. ఇలా అనేక దేశాలలో, అనేక దశాబ్దాలుగా పోగైన కొలతలను సరాసరి కట్టి, ఆరోగ్యంగా పెరుగుతున్న పిల్లలు ఇంత తాగుతున్నారు గనుక ఇదే అవసరమని నిర్ణయించారు. ఐక్యరాజ్య సమితి ఆహార, ఆరోగ్య సంస్థల నిపుణులు 1973లో మొదటి మూడు నెలలకు కిలోకు 120 కేలరీలు అన్నారు. 1985 నివేదికలో మొదటి నెలకు 124, రెండోనెలకు 116, మూడోనెలకు 109, నాలుగోనెలకు 103 అని విడివిడిగా చెప్పారు. తల్లిపాలను తూచడంలో కొంత తక్కువ లెక్క పడుతుందేమోనని ఐదు శాతం కలిపారు కూడా.

ఈ పద్ధతిలోని లోపం సామాన్యమైనది కాదు. ఆ కొలతల్లో పోతపాల పిల్లల వాటా ఎక్కువ. పోతపాలు తాగించేది సీసాను ఖాళీ చేయించాలనే పట్టుదల ఉన్న పెద్దవాళ్ళు. బిడ్డ వద్దన్నా మరో రెండు గుక్కలు పోస్తారు. రెండోది, తల్లిపాలలోని శక్తిని పిండి తీసిన పాల నమూనాల నుంచి లెక్కగట్టేవారు. చనుబాలు ఒకే పాలు కావు. మొదట వచ్చేవి పలుచన, చివర వచ్చేవి వెన్న ఎక్కువగా ఉండే చిక్కటి పాలు. పిండిన పాలు, బిడ్డ తాగిన పాలు సమానమని చెప్పడానికి వీల్లేదు. అన్నిటికంటే మించి, మనుషులు తింటున్నదే వారికి కావలసినదనే వాదం పెళ్ళిభోజనం చూసి బియ్యం లెక్క వేసినట్టుంటుంది.

దీని ఫలితం కాగితాలమీద ఆగలేదు. నాలుగోనెల బిడ్డ బరువు 6.9 కిలోలనుకుంటే, 1985 లెక్క ప్రకారం వాడికి రోజుకు 710 కేలరీలు, అంటే దాదాపు 1,090 మిల్లీలీటర్ల తల్లిపాలు కావాలి. ఆరోగ్యవంతులైన తల్లులలో కూడా చాలామంది రోజుకు 700, 800 మిల్లీలీటర్లే ఇస్తారు. మరి తల్లిపాలు మూడోనెల దాటితే చాలవా? ఈ సందేహాన్ని వాటర్లో, థామ్సన్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞులు 1979లోనే లాన్సెట్ పత్రికలో లేవనెత్తారు. బీదదేశాల్లో ఇది ప్రాణసంకటమైన ప్రశ్న. చాలవంటే ముందుగానే పైతిండి పెట్టాలి. మంచినీళ్ళకే గతిలేనిచోట పైతిండి అంటే విరేచనాలు. చాలుతాయంటే బిడ్డ ఆకలితో మాడుతున్నాడేమోనన్న భయం. ఎటు చూసినా నష్టమే కనిపించే ఈ చిక్కుముడికి మూలమైన ఆ అంకె మాత్రం సరైనదేనా అని అడిగినవారు తక్కువ.

జంట గుర్తుల నీరు

జవాబు ఎలుకల నుంచి వచ్చింది. అమెరికాలో మినెసోటా విశ్వవిద్యాలయంలో నేథన్ లిఫ్సన్ అనే శరీరధర్మ శాస్త్రజ్ఞుడు, ఊపిరిలో వదిలే బొగ్గుపులుసు వాయువులోని ఆమ్లజని పరమాణువులు ఒంట్లోని నీటి నుంచి వచ్చేవేనని 1949లో తన సహచరులతో కలిసి కనిపెట్టాడు. ఈ చిన్న విషయం నుంచి ఆయన ఒక గొప్ప కొలత పద్ధతిని అల్లి, 1955లో ఎలుకల మీద ప్రయోగించి చూపాడు.

నీటి అణువులో రెండు ఉదజని, ఒక ఆమ్లజని పరమాణువులుంటాయి. ప్రకృతిలోని ఉదజనిలో ఆరువేల పైచిలుకు పరమాణువులకు ఒకటి మామూలుకంటే రెండింతల బరువుంటుంది. దాని పేరు డ్యుటీరియం. ఆమ్లజనిలోనూ ఇంచుమించు ఐదువందలలో ఒకటి పదహారుకు బదులు పద్ధెనిమిది బరువు కలిగి ఉంటుంది. ఈ బరువైనవాటిలో రేడియోధార్మికత లేదు. ప్రతి మనిషి తాగే నీళ్ళలోనూ ఉన్నవే. ఈ రెండూ ఎక్కువపాళ్ళలో ఉండేలా తయారుచేసిన నీటిని కొద్దిగా తాగిస్తే అది కొన్ని గంటల్లో ఒంట్లోని నీటిలో కలిసిపోతుంది. ఆ తర్వాత బరువైన ఉదజని మూత్రంగా, చెమటగా, ఆవిరిగా, అంటే నీటిరూపంలోనే బయటికి పోతుంది. బరువైన ఆమ్లజని నీటిరూపంలోనూ పోతుంది, బొగ్గుపులుసు వాయువుగానూ పోతుంది.

పెళ్ళిపందిరి ఒకటి ఊహించుకోవచ్చు. దానికి వీథిగుమ్మం ఒకటి, దొడ్డిగుమ్మం ఒకటి. ఆడపెళ్ళివారు వందమంది, మగపెళ్ళివారు వందమంది లోపల ఉన్నారు. ఆడపెళ్ళివారు వీథిగుమ్మం నుంచే వెళ్ళాలి. మగపెళ్ళివారు ఏ గుమ్మం నుంచైనా వెళ్ళవచ్చు. వీథిగుమ్మం దగ్గర రెండు పక్షాలవారూ సమానంగానే కదులుతున్నారు. కొంతసేపటికి లోపల ఆడపెళ్ళివారు 70 మంది, మగపెళ్ళివారు 60 మంది మిగిలితే, ఆ తేడాను బట్టి దొడ్డిగుమ్మం నుంచి ఎందరు వెళ్ళారో అక్కడ ఎవరినీ కాపలా పెట్టకుండానే చెప్పవచ్చు. ఆ దొడ్డిగుమ్మమే ఊపిరి. బొగ్గుపులుసు వాయువు ఎంత పోయిందో తెలిస్తే, తాగే పాలలో కొవ్వు, చక్కెర, మాంసకృత్తులు ఏ పాళ్ళలో ఉన్నాయో తెలుసును గనుక ఖర్చైన కేలరీలు లెక్కకు వస్తాయి.

ఇందులో బిడ్డకు కలిగే ఇబ్బంది దాదాపు ఏమీ లేదు. కొద్ది మిల్లీలీటర్ల నీళ్ళు గొంతులో పోయడం, ఆ తర్వాత వారం రోజులపాటు డయపరులో పెట్టిన దూదినుంచి మూత్రం పిండుకోవడం, అంతే. బిడ్డ తన ఇంట్లో, తన తల్లి ఒడిలో, తన ఇష్టప్రకారం ఏడుస్తూ తాగుతూ ఉంటాడు. శ్రమంతా ప్రయోగశాలలో మాస్ స్పెక్ట్రోమీటరు దగ్గర. పసిపిల్లల ఒంట్లో బరువులో నాలుగింట మూడు పాళ్ళు నీరే. అది పాలతో వేగంగా వస్తూ మూత్రంతో వేగంగా పోతుంటుంది. అందుచేత వీథిగుమ్మం దగ్గర రద్దీ ఎక్కువ, దొడ్డిగుమ్మం తేడా చిన్నది. ఆ చిన్న తేడాను తప్పులేకుండా పట్టుకోవాలి. బరువైన ఆమ్లజని ఖరీదు కూడా ఎక్కువే. అందుకే ఎలుకల నుంచి మనుషుల దాకా రావడానికి ఇన్నేళ్ళు పట్టింది. షికాగోలో డేల్ షోలర్ బృందం మనుషుల మీద మొదటి కొలతలు 1982లో ప్రకటించింది.

దిగివచ్చిన అంకెలు

ఆ పద్ధతిని చంటిపిల్లల దగ్గరకు చేర్చినవారిలో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి డన్ పోషణ విభాగం ముందున్నది. అక్కడి ఎలన్ లూకస్ బృందం తల్లిపాలు తాగే శిశువులు ఎంత తీసుకుంటున్నారు, ఎంత ఖర్చు చేస్తున్నారు అన్న ప్రశ్నకు 1987లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో జవాబిచ్చింది. బాగా పెరుగుతున్న పిల్లలే. అయినా వారు తీసుకుంటున్న శక్తి అధికారిక సూచనలకంటే గణనీయంగా తక్కువ. మరుసటి ఏడు లాన్సెట్‌లో అదే విభాగంవారు రాసిన వ్యాసానికి శీర్షికే ఒక ప్రశ్న: ప్రస్తుతపు ఆహారసూచనలు పిల్లలకు అతిగా తినిపించమని రాసిచ్చిన మందుచీటీలా? ఆ వ్యాసకర్తలలో ఒకరు రోజర్ వైట్‌హెడ్. శిశువులు తాగే పాల కొలతలను అంతకుముందు ప్రపంచమంతటి నుంచి పోగుచేసి పట్టికగా కూర్చినవారిలో ఆయనే ప్రముఖుడు. తాను కూర్చిన లెక్కను తానే ప్రశ్నించడానికి వెనుకాడకపోవడం చెప్పుకోదగినది.

ఆ తర్వాత అమెరికాలో హ్యూస్టన్ పిల్లల పోషణ పరిశోధన కేంద్రంలో నాన్సీ బ్యూట్ బృందం 76 మంది శిశువులను రెండేళ్ళ వయసు వరకు వెంబడించి, జంట గుర్తుల నీటితో ఖర్చునూ, ఒంట్లో చేరిన కొవ్వు, మాంసకృత్తుల కొలతలతో ఎదుగుదలనూ లెక్కించి 2000 సంవత్సరంలో ప్రకటించింది. ఐక్యరాజ్య సమితి సంస్థల కొత్త నివేదిక ముఖ్యంగా ఈ పని మీద ఆధారపడింది. 2001లో నిపుణులు సమావేశమై, 2004లో అచ్చువేసిన ఆ నివేదికలో మగశిశువుకు మొదటి నెలలో కిలోకు 113, రెండోనెలలో 104, మూడోనెలలో 95, నాలుగోనెలలో 82 కేలరీలు. ఆడశిశువుకు మొదటి నెలలో 107. మొత్తం మీద 1985 అంకెలకంటే మొదటి మూడు నెలల్లో సుమారు 12 శాతం, మూడు నుంచి తొమ్మిది నెలల మధ్య సుమారు 17 శాతం తక్కువ.

అంతకంటే ఆసక్తికరమైనది మరొకటి. తల్లిపాల పిల్లలు పోతపాల పిల్లలకంటే తక్కువ ఖర్చుచేస్తారు. నిద్రలో వారి ఒంటివేడి, గుండెవేగం కూడా కొంచెం తక్కువ. కనుక పోతపాల డబ్బామీది ఔన్సుల పట్టికతో తల్లిపాలను కొలవడం మొదటికే తప్పు. నాలుగున్నర కిలోల నెలబిడ్డనే తీసుకుంటే, పాత లెక్కన వాడికి రోజుకు సుమారు 560 కేలరీలు, అంటే 860 మిల్లీలీటర్ల పాలు కావాలి. తల్లిపాల పిల్లలకు ప్రత్యేకించిన కొత్త సూత్రం ప్రకారం ఖర్చు 266, ఎదుగుదలకు దాదాపు 200, వెరసి 466 కేలరీలు. దానికి 720 మిల్లీలీటర్లు చాలు. మధ్యలోని 140 మిల్లీలీటర్లు, అంటే ఐదు ఔన్సులకు కాస్త తక్కువ, తల్లి ఒంట్లోని లోపం కాదు, లెక్కలోని లోపం. సరిగ్గా సీసాలో కలిపే ఒక పూట పాలంత.

మొదటి ఆరునెలలు తల్లిపాలు తప్ప మరేమీ అక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సభ 2001లో తీర్మానించింది. శక్తి లెక్క ఒక్కటే దానికి ఆధారం కాదుగాని, పాత అంకెలు అలాగే నిలిచి ఉంటే ఆ మాట ధైర్యంగా అనడం కష్టమయ్యేది.

ఇంట్లో త్రాసు, ఇంట్లో మాటలు

ఈ అంకెలన్నీ సరాసరులని మరచిపోరాదు. అవి నెలలు నిండి ఆరోగ్యంగా పుట్టిన పిల్లల గుంపుకు వర్తించేవి. నెలలు నిండని బిడ్డకు, గుండెజబ్బో మరొకటో ఉన్న బిడ్డకు లెక్క వేరు. ఆరోగ్యవంతులలోనూ ఒక బిడ్డకు, పక్క బిడ్డకు తేడా ఉంటుంది. కాబట్టి కేలరీలను లెక్కిస్తూ బిడ్డకు పాలివ్వవలసిన పని ఏ తల్లికీ లేదు. బిడ్డ ఒళ్ళే కొలబద్ద.

మొదటి రోజుల్లో తల్లికి వచ్చే ముర్రుపాలు చెంచాల లెక్కనే ఉంటాయి. అది చూసి బెంగపడి, ముర్రుపాలు పిండి పారబోసి పంచదార నీళ్ళో తేనెచుక్కో నాకించే ఆచారం కొన్ని ఇళ్ళలో ఉన్నది. తేనెలో ఉండగల ఒక రకం సూక్ష్మజీవి బీజాలు పసిపిల్లలలో పక్షవాతంవంటి వ్యాధి తేగలవు గనుక ఏడాదిలోపు తేనె పనికిరాదు. పంచదార నీళ్ళ అవసరమూ లేదు. బిడ్డ కాలేయంలో నిలవచేసుకున్న చక్కెరతో, ఆపైన చర్మం కింది కొవ్వుతో ఆ రెండుమూడు రోజులు గట్టెక్కేటట్టు పుడతాడు. ఈ కాలంలో బరువు నూటికి ఏడు పాళ్ళ దాకా, కొందరిలో పది దాకా తగ్గి, పది పద్నాలుగు రోజుల్లో మళ్ళీ పుట్టినప్పటి బరువుకు చేరుతుంది. అక్కణ్ణుంచి రోజుకు పాతిక ముప్ఫై గ్రాములు పెరుగుతూ, ఐదోరోజు దాటాక రోజుకు ఆరుకు తగ్గకుండా డయపర్లు తడుపుతున్నంత కాలం పాలు చాలుతున్నట్టే. ఏడుపు ఒక్కటే ఆకలికి సాక్ష్యం కాదు. రెండు వారాలైనా పుట్టిన బరువుకు చేరకపోతే, డయపర్లు పొడిగా ఉంటే, బిడ్డ మందకొడిగా పడుకుని పాలకే లేవకపోతే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళాలి. పాలు నిజంగా చాలని తల్లులూ ఉంటారు. అప్పుడు పోతపాలు ఇవ్వడం తప్పుకాదు, అవసరం.

తల్లి వైపు లెక్క ఒకటి మిగిలింది. బిడ్డకు చేరే కేలరీలన్నీ ఆమె తిండినుంచి, ఆమె కొవ్వునుంచి రావలసినవే. మొదటి ఆరునెలలు పాలు తయారుకావడానికి రోజుకు సుమారు 675 కేలరీలు పడతాయని 2004 నివేదిక లెక్క. బాగా తిని గర్భకాలంలో కొవ్వు కూడబెట్టుకున్న తల్లి దానిలో 170 కేలరీలు తన ఒంటినుంచి తీస్తుంది. తక్కిన 505 తినాలి. కూడబెట్టుకోనివారు మొత్తం తినాలి. సి. గోపాలన్ 1950లలో కూనూరులో పేదతల్లుల పాలను పరిశీలించినప్పుడు, అరకొర తిండితో కూడా వారు నెలల తరబడి బిడ్డలను పోషించగలుగుతున్నారని గమనించారు. ఆ కూనూరు ప్రయోగశాలే తరువాత హైదరాబాదుకు తరలివచ్చి జాతీయ పోషకాహార సంస్థ అయింది. తల్లి ఒంటిని కరిగించి బిడ్డకు పోయడం ప్రకృతి స్వభావం. ఈ సంగతి తెలిశాక, బాలింతకు పథ్యం పేరుతో కారప్పొడి మెతుకులు పెట్టి, మంచినీళ్ళు కూడా కొలిచి ఇవ్వడం ఎంతవరకు సబబో పెద్దవాళ్ళు ఆలోచించుకోవాలి. వాము, వెల్లుల్లి పెట్టవద్దని ఎవరూ అనరు. వాటితోపాటు పప్పు, నెయ్యి, కూర, పెరుగు కడుపునిండా పెట్టాలి.

డాక్టరు గదిలో గోడమీది బరువుల పటం కూడా ఈ కథలో భాగమే. అమెరికాలో 1977 నుంచి వాడుకలో ఉన్న పటం ఒహాయో రాష్ట్రంలోని పిల్లల కొలతల నుంచి, అందులోనూ ఎక్కువగా పోతపాల పిల్లల నుంచి తయారైనది. దానిలో తల్లిపాల బిడ్డ మూడోనెల తర్వాత గీత కిందికి జారుతున్నట్టు కనిపించేవాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ బ్రెజిల్, ఘనా, ఇండియా, నార్వే, ఒమాన్, అమెరికాలలో తల్లిపాలమీద పెరిగిన ఆరోగ్యవంతులైన పిల్లలను కొలిచి 2006లో కొత్త పటాలు ప్రకటించింది. ఇండియా తరఫున కొలిచినవారు దక్షిణ ఢిల్లీ పిల్లలు. ఆరు దేశాల పిల్లల పొడవులు ఆశ్చర్యకరంగా దగ్గరదగ్గరగా వచ్చాయి. రెండేళ్ళలోపు పిల్లలకు ఈ పటాలనే వాడమని అమెరికా వ్యాధినియంత్రణ కేంద్రం 2010లో సలహా ఇచ్చింది. బిడ్డ గీత కిందికి జారుతున్నాడని ఎవరైనా అంటే, అది ఏ పటమో ముందు అడిగి తెలుసుకోవచ్చు.